ఉరుకా రాత్రి పిట్ట భోజనం

దులియాజాన్
19 డిసెంబరు 1988

బైదేవ్‌కి నమస్కారం.

ఈ ఉత్తరం బావ ఇంట్లో లేనప్పుడు చదువు. ఉంటే లాక్కుని చదువుతాడు, చదివాడంటే హాజో ఊరంతా చెప్తాడు. నా కాలు విరిగింది. నూనె బావుల దగ్గర పనిచేసేవాడు ఏ ఇనప గోపురం మీంచో పడ్డాడంటే కాస్త గౌరవంగా ఉండేది. నేను సంతలో బాతుని బేరమాడి చంకన పెట్టుకుంటే అది జారి పారిపోయింది. దాని వెనక పరిగెత్తి మురిక్కాలవలో పడ్డాను. బాతుని ఎవరో పట్టి తెచ్చిచ్చారు. నన్ను నలుగురు మోసుకొచ్చారు. ఎముక సరిగ్గా అతుక్కోకపోతే కాలు కోసి లోపల ఇనప పట్టీ వెయ్యాలంటున్నారు.

అందుకని ఈసారి మాఘ్ బిహు పండక్కి నేను రాలేను. నాన్న పోయాక వచ్చే మొదటి బిహు ఇది. గుడి ముందు పిగిలిపిట్టల పందెంలో మొదటి జోడీ మన ఇంటిది, ఎదురు పిట్ట హలిరామ్ దాదాది. తాతగారి రోజులనించీ అంతే. ఒక్క ఏడాది పిట్ట కూర్చునే మన కర్ర మైదానంలో నిలబడకపోతే ఆ చోటు ఇంకో ఇంటికి పోతుంది. నాన్న పోయిన ఏడే అది పోతే నాకు బతికున్నన్నాళ్ళూ నిద్ర పట్టదు. అల్లుడు కర్ర పట్టకూడదు, బావని అడిగే పని లేదు. ఇక మిగిలింది అక్కవి నువ్వే. ఊరి పెద్ద మేధికి రాశాను. ఆడపిల్ల పట్టకూడదని తనెక్కడా వినలేదని ఆయన జవాబిచ్చాడు. వినలేదంటే ఒప్పుకున్నట్టే.

మేపడం గురించి నీకు నేను చెప్పేదేముంది. పెళ్ళయినా పక్క వీధే గనక ఏటా నువ్వే వచ్చి నాన్న పిట్టకి మేత పెట్టావు. పండగ ముందటి ఉరుకా రాత్రి అందరూ చేసేదే నువ్వూ చెయ్యి. తెల్లారాక కర్ర పట్టుకుని వెళ్ళి నిలబడు. అంతే.

కుంటుతున్న నీ తమ్ముడు,
ఖగేన్


హాజో
29 డిసెంబరు 1988

తమ్ముడు భాయిటికి నీ బైదేవ్ దీవెనలు.

బావ ఇంట్లోనే ఉన్నాడు. లాక్కుని చదివాడు. ఇప్పుడు వీధిలో బాతు కనిపిస్తే చాలు, "మీ తమ్ముడికి కబురు పెట్టమంటావా" అంటున్నాడు. కాలు జాగ్రత్త. రాత్రిళ్ళు కింద దిండు పెట్టుకో.

పిట్ట వచ్చింది. అల్లుడు కర్ర పట్టకూడదు గాని వల పట్టచ్చట. బావే పెరటి వెనక వల పన్ని పట్టాడు. మొదటి రోజు ఎవరి మొహమూ చూడలేదు, గోడకేసి తిరిగి కూర్చుంది. కాలికి దారం కడుతుంటే నా వేలు పొడిచింది. మూడో నాటికి అరటిపండు చేతిలోంచి తింది. ఇప్పుడు ఉడికించిన గుడ్డులో పచ్చసొన తప్ప తెల్లసొన ముట్టదు. తెల్లసొన బావకి పెడుతున్నాను. "ఈ ఇంట్లో నా స్థానం ఏమిటో తెలిసింది" అని రోజూ గొణుగుతున్నాడు. నెత్తిన నల్ల కుచ్చు, తోక కింద ఎర్ర మచ్చ. మగ్గం దగ్గర పెట్టుకుంటే నాడె ఆడినప్పుడల్లా తల అటూ ఇటూ తిప్పుతుంది. నేను నేత ఆపితే అరుస్తుంది. నా చేత ఇంత పని చేయించినవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు.

ఒక సంగతి అడుగుతాను, కోప్పడకు. చిన్నప్పటినించీ మేపానే గాని నేను పందెం ఎప్పుడూ చూడలేదు. ఆ పూట ఆడవాళ్ళమంతా నువ్వుల పిండివంట పీఠాలు చేస్తూ పొయ్యి దగ్గరే ఉంటాం. ఉరుకా సాయంత్రం నాన్న పిట్టని మేధి వసారాకి తీసుకెళ్ళిపోయేవాడు, మర్నాడు సాయంత్రం ఖాళీ కర్రతో వచ్చేవాడు. పిట్టలకి దెబ్బలు తగుల్తాయా? నాన్నని అడిగితే "రెండు రెక్కల చప్పుడు, అంతే" అనేవాడు. నాకెందుకో మనసొప్పడం లేదు. అయినా నాన్న చోటు అన్నావు గనక పడతాను.

మేధి వసారాలో రాత్రంతా మగవాళ్ళ మధ్య నేనెలా కూర్చుంటాను? ఆయన్నే అడిగాను. పిట్టని ఇంట్లోనే ఉంచుకుని పొద్దున తీసుకురమ్మన్నాడు.

నువ్వులూ బెల్లం వేరే పొట్లం కట్టి పంపుతున్నాను. మరదలు రంజు చేత పీఠాలు చేయించుకో, మంచం మీంచి పురమాయిస్తూ కూర్చోకు.

కుంజలత బైదేవ్


దులియాజాన్
6 జనవరి 1989

బైదేవ్‌కి నమస్కారం.

పొట్లం చేరింది. బెల్లం సగం చీమలకీ సగం నాకూ.

దెబ్బలంటావేమిటి? చిన్నప్పుడు చేపలు పట్టే జల్లెడ కోసం మనిద్దరం కొట్టుకున్నంత కూడా కొట్టుకోవు. ఒకటి తగ్గగానే విడదీస్తారు. సాయంత్రం దారం విప్పి ఎగరేస్తాం. ఏ కోడికుంది చెప్పు ఆ భాగ్యం? ఎవరూ తమ పిల్లల్ని చూడనంత శ్రద్ధగా చూస్తాం వాటిని. నాన్న కంటే ఎక్కువగా పిట్టని ప్రేమించినవాడిని నువ్వు చూపించగలవా? చూపించలేవు.

ఉరుకా రాత్రి మాత్రం మనసు గట్టి చేసుకో. అది నీకేసే చూస్తుంది. చూసినా సరే, అందరూ చేసేదే చెయ్యి. పొద్దున మడత నలగని గామోసా కండువా భుజాన వేసుకుని వెళ్ళు. నాన్న అలాగే వెళ్ళేవాడు.

నా కాలికి కోత తప్పదట. తారీఖు ఇంకా చెప్పలేదు.

ఖగేన్


హాజో
15 జనవరి 1989

భాయిటికి,

ఓడిపోయాం. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చివరిదాకా ఆత్రంగా చదువుతావు.

ఉరుకా రాత్రి మన వీధంతా కలిసి భోజనాలు. బూడిద గుమ్మడికాయతో బాతు కూర, చేపల పులుసు, అయిదు రకాల వేపుళ్ళు. నువ్వు అందరూ చేసేదే చెయ్యమన్నావు. ఉరుకా రాత్రి అందరూ చేసేది ఏమిటి? కడుపు పగిలేలా తినడం. మనసు గట్టి చేసుకోమన్నది మర్నాడు అది వెళ్ళిపోతుంది గనక అనుకున్నాను. నా కళ్ళు నిజంగానే తడిసాయి. ఆడపిల్లని అత్తారింటికి పంపే రాత్రిలా దానికి విడిగా వండాను. పచ్చసొన పెట్టాను. మాల్‌భోగ్ అరటిపండు సగం పెట్టాను. ఇంకా నోరు తెరిస్తే మిగతా సగమూ పెట్టాను. తిని తిని కర్ర మీదే రెక్కలు పొంగించి కూర్చుని నిద్రపోయింది.

పొద్దున పండగ మేజి మంట ఆరకముందే స్నానం చేసి గామోసా వేసుకుని వెళ్ళాను. జనం దారిచ్చారు. ఎవరో "డేకా గారి పెద్దమ్మాయి" అన్నారు. నిజం చెప్తున్నాను, ఆ క్షణం నాకు చాలా గర్వంగా ఉంది. నాన్న నిలబడే రాయి మీద నిలబడ్డాను. ఎదురుగా హలిరామ్ దాదా. మధ్యలో మేధి అరటిపండు ముక్క పట్టుకుని రెండు పిట్టలకీ చూపించాడు.

హలిరామ్ పిట్ట వణికిపోతోంది. చలికి అనుకున్నాను. పండు కనపడగానే అది దారం తెగేలా ముందుకి దూకింది. మనది పండుకేసి ఒకసారి చూసి మొహం తిప్పుకుని రెక్క సర్దుకుంటోంది. అది వచ్చి దీన్ని కంటి పక్కన పొడిచింది. మనది కర్ర మీంచి పడి దారానికి తలకిందులుగా వేలాడింది. విడదీసేలోగా రెండోసారి పొడిచింది. అడ్డం తొలిగిపోగానే దాన్నింక చూడనైనా చూడలేదు. పండు మీద పడి తినడమే. జనం ఈలలు, చప్పట్లు. దానికి ఆ చప్పట్లతో పని లేదు భాయిటీ. అది అన్నం తింటోంది, అంతే.

హలిరామ్ దాదా నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"రాత్రి దీనికేం పెట్టావమ్మా?"

చెప్పాను. ఆయన నవ్వాడు, ఆ వెనకే పక్కవాళ్ళు నవ్వారు, కాసేపటికి మైదానమంతా నవ్వింది. ఉరుకా సాయంత్రం నించి ముద్ద పెట్టకూడదట, ఆకలికే అవి కొట్టుకుంటాయట. ఇన్నేళ్ళలో మా ఆడవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. హలిరామ్ భార్య పదుమీ వదినకీ తెలియదు. ఇంటికెళ్ళి చెప్తే ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మేం పోషించడం, మీరు మాడ్చడం. అదీ ఊళ్ళో ప్రతి ఇంటా తప్పకుండా అన్నం ఉడికే ఆ ఒక్క రాత్రి.

ఇంకొకటి కూడా చెప్పాడు హలిరామ్ దాదా, అదీ నవ్వుతూనే. "మీ నాన్న పిచ్చి ఏం చెప్పమంటావు. ఆ రాత్రి వసారాలో అందరం తింటుంటే ఆకు ముందు కూర్చునేవాడే గాని ముద్ద ముట్టేవాడు కాదు." బిహు పొద్దున నాన్న ఇంటికొచ్చి అటుకులూ పెరుగూ గబగబా తినడం నీకు గుర్తుందా? రాత్రి వంట బాగాలేదేమో అనుకునేదాన్ని. నాన్నకి తెలుసు భాయిటీ. అన్నీ తెలిసే చేశాడు. దానితో పాటు తనూ పస్తున్నాడు. ఈ సంగతి నేను ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

సాయంత్రం అందరూ పిట్టల్ని ఎగరేశారు. మనది ఎగరలేదు. ఒక కన్ను మూసుకుపోయింది. పసుపు రాసి మగ్గం దగ్గర పెట్టుకున్నాను. బావ దాని ముందు కూర్చుని పచ్చసొన చిదుపుతున్నాడు.

కుంజలత


దులియాజాన్
16 జనవరి 1989

బైదేవ్‌కి,

హాజో నించి వచ్చిన మా ఆఫీసు డ్రైవరు అంతా చెప్పాడు. నవ్వాపుకోలేక రెండుసార్లు ఆగి మరీ చెప్పాడు.

మనసొప్పడం లేదని నువ్వు రాసినప్పుడే నేను గ్రహించాల్సింది. నీకు ఇష్టం లేకపోతే చెయ్యనని నువ్వే ఒక్క మాట రాయాల్సింది. పిట్టకి పూటుగా పెట్టి, గామోసా వేసుకుని వెళ్ళి, నాన్న నిలబడ్డ రాయి మీద నిలబడి ఊరందరి చేతా నవ్వించావు. మన ఇంటి పిట్టని నువ్వే ఓడగొట్టావు. ఎవరి మీద కోపం ఇది? పోయిన ఆయన మీదా?

ఖగేన్


హాజో
24 జనవరి 1989

ఖగేన్‌కి,

నీ ఉత్తరం అందింది. నా ఉత్తరం ఈపాటికి నీకూ అంది ఉంటుంది. చదివాక కూడా నేను కావాలనే చేశాననిపిస్తే సరే, అలాగే అనుకో. నీకు ఎండాకాలం జ్వరాలొస్తే నీ గంజిలో ఉప్పు వేసిన చెయ్యి ఇది. ఆ చేతికి ఒకరిని మాడ్చడం నేర్పాల్సింది మీరు. నేర్పలేదు.

పిట్ట కన్ను తెరిచింది. నిన్న ఎగరేశాను. చెప్పాలి గనక చెప్పాను.

కుంజలత


దులియాజాన్
12 ఫిబ్రవరి 1989

బైదేవ్, నా బైదేవ్,

భాయిటి అని రాయకుండా ఖగేన్ అని పేరు పెట్టి రాశావు. కాలు విరిగినప్పుడు కూడా నేను ఏడవలేదు.

నీ పెద్ద ఉత్తరం నా ఉత్తరం పోస్టు చేశాక వచ్చింది. అది చదివి సిగ్గేసి వెంటనే జవాబు రాయలేకపోయాను. రాద్దామనుకునేలోగా ఆసుపత్రిలో పడుకోబెట్టారు. అక్కడ జరిగింది చెప్తాను, నవ్వు. నువ్వు నవ్వితేనే నాకు బాగవుతుంది.

కోతకి ముందు రాత్రి నించి ఏమీ తినకూడదన్నారు, నీళ్ళు కూడా వద్దన్నారు. పొద్దున్నే తీసుకెళ్తామన్నారు. ఇంతలో ఎవరికో ప్రాణం మీదికొస్తే నా వంతు సాయంత్రానికి పోయింది. మధ్యాహ్నానికి నా చేతులు వణకడం మొదలెట్టాయి. పక్క మంచం మీద శివసాగర్ నించి వచ్చిన లెక్కల మాస్టారు. దేవుడిలాంటి మనిషి, రాత్రంతా నాకు ధైర్యం చెప్పాడు. ఆయన టీలో బిస్కెట్టు ముంచాడు. అది మెత్తబడి విరిగి టీలో పడింది. ఆయన వేలితో తీసుకుని చప్పరించాడు. బైదేవ్, నాకు ఆయన్ని చంపాలనిపించింది. నోటికొచ్చిన తిట్లు తిట్టాను. కప్పు తోసేశాను. నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది, వార్డంతా లేచి కూర్చుని చూసింది. ఒకాయనైతే దిండు ఎత్తు చేసుకుని మరీ చూశాడు. అప్పుడు నాకు హలిరామ్ పిట్ట గుర్తొచ్చింది.

నాన్న గురించి రాశావు. ఆ వసారాలో నేను ఆయన పక్కనే కూర్చునేవాణ్ణి. తన బాతు ముక్కలన్నీ తీసి నా ఆకులో వేసేవాడు. నా మీద ప్రేమ అనుకున్నాను. ప్రేమే అయ్యుంటుంది. కాని నా మీద ఒక్కడి మీదే కాదు. కర్ర మీద పిట్ట నాకేసి చూస్తుంటే నేను ఎముకలు చీకుతూ కూర్చున్నాను. అది ఎందుకు చూస్తోందో నాకు తెలుసు. తెలిసినా అదంతా పండగలో భాగమనుకున్నాను.

ఇక మనకి ఆ చోటు వద్దు. మేధికి రాసేస్తాను, మొదటి జోడీ ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చుకోమని. నాన్న ఏమీ అనుకోడు. ఆయనకి ఒక పూట భోజనం మిగిలేది.

నువ్వు నన్ను ఎలా పిలిచినా సరే, నీ
భాయిటి


హాజో
25 ఫిబ్రవరి 1989

భాయిటీ, భాయిటీ, భాయిటీ,

చాలా? ఇంకా కావాలా?

నవ్వాను. బావ ఇంకా నవ్వుతున్నాడు. ఆ మాస్టారికి ఒక బిస్కెట్ల డబ్బా కొనిచ్చి దణ్ణం పెట్టు. పట్టీ పడ్డ కాలు మీద బరువు మోపకు.

మేధికి మాత్రం రాయకు. నేను చాలా ఆలోచించాను. చోటు వదిలేస్తే ఇంకో ఇల్లు వస్తుంది, రెండు ఆకలి పిట్టలు ఎదురెదురు నిలబడతాయి. మనకి మనసు శుభ్రంగా ఉంటుంది, పిట్టలకి ఏం ఒరుగుతుంది? చోటు మన దగ్గరుంటే ఒక పిట్టయినా తిని వస్తుంది. తిన్న పిట్ట దెబ్బ తింటుందని నాకూ తెలుసు. ఆ మూసుకుపోయిన కన్నుకి నేను పసుపు రాశాను, నువ్వు కాదు. అందుకే ఎదుటిది కూడా తినే రావాలి. ఏడాది టైముంది నాకు.

పదుమీ వదిన అప్పుడే మొదలెట్టింది. హలిరామ్ దాదా అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, "మీ పిట్టలు ఏం తిన్నాయో పాపం" అంటోందట. ఆయన కంచం వదిలేసి లేచిపోతున్నాడట. పందెం మానెయ్యమని నేను ఎవరితోనూ అనలేదు. అంటే నన్ను మైదానం లోపలికి రానివ్వరు. వడ్డించడం మాత్రం ఎవరూ ఆపలేరు.

వచ్చే ఏడు నీ కాలు బాగయినా కర్ర నాదే. ఇవ్వను.

బైదేవ్


దులియాజాన్
5 జనవరి 1990

బైదేవ్‌కి నమస్కారం.

కర్ర నీదే. నాకు సెలవు అడిగే ధైర్యం కూడా లేదు, పోయిన ఏడంతా మంచం మీదే గడిపాను. ఇక్కడి కుర్రాళ్ళు పండగ మంటకి మేజి కడుతున్నారు, వెదురు మోయలేకపోయినా పక్కన నిలబడి సలహాలు చెప్తున్నాను. ఈ ఏటి పిట్ట ఎలా ఉంది? తెల్లసొన తింటుందా?

ఏం జరిగినా వెంటనే రాయి. ఓడిపోయినా సరే. ఓడిపోతేనే రాయి.

భాయిటి


హాజో
15 జనవరి 1990

భాయిటికి కడుపునిండా దీవెనలు.

నీకు మంచి వార్త. ఓడిపోయాం.

ఉరుకా రాత్రి పిట్టకి పోయినసారి లాగే వడ్డించాను. ఇదీ తెల్లసొన ముట్టదు, బావ అదృష్టం అలాగే ఉంది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఎదుటి పిట్ట మేధి వసారాలో ఉంది. అక్కడికి మేం విస్తళ్ళు మోసుకెళ్ళడం వరకే. పదుమీ వదిన ఏడాదంతా అన్న మాటలు ఏమయ్యాయో తెలియదు. పోయినసారి కన్ను మూసుకుపోయింది, ఈసారి ప్రాణం పోతే ఆ పాపం అచ్చంగా నాదే గదా అని పడుకోలేదు. చోటు వదిలెయ్యమన్న నీ మాట విననందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

పొద్దున రాయి మీద నిలబడ్డాను. మేధి పండు ముక్క చూపించాడు. మనది చూసి మొహం తిప్పుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ చప్పుడు లేదు. తెరిచి చూస్తే హలిరామ్ దాదా పిట్ట కూడా రెక్కలు పొంగించుకుని కూర్చుంది. మేధి పండుని దాని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. అది మర్యాదగా పక్కకి జరిగింది. రెండూ ఎండలో ఈకలు సర్దుకున్నాయి. జనం కాసేపు అరిచారు, కాసేపు తిట్టారు. వెనక నించి ఒక పిల్ల "అవి స్నేహితులా నాన్నా" అని అడిగింది. మేధి చేతిలో పండు తనే తినేశాడు.

హలిరామ్ దాదా నా కేసి చూడలేదు. సాయంత్రం పిట్టల్ని ఎగరేసే వేళకి పక్కన నిలబడి, ఎటో చూస్తూ చెప్పాడు.

"నేనే పెట్టాను. మీ నాన్న కూర్చునే చోటు ఖాళీగా ఉంది నా పక్కన. ఆకు ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. అది నాకేసే చూస్తోంది. పదేళ్ళు ఆయన పక్కన కూర్చుని తిన్నానమ్మా, ఎలా తిన్నానో."

పిట్టకి పెట్టాక తను కూడా తిన్నాడా అని మాత్రం అడిగాను. రెండుసార్లు వడ్డించుకున్నాడట.

మేధి ఇద్దరమూ ఓడిపోయినట్టే లెక్క అన్నాడు. వచ్చే ఏడు కూడా మొదటి జోడీ మనదే, ఎందుకంటే తరవాతి ఇళ్ళవాళ్ళు ఆ చోటు ఇక మాకొద్దన్నారట.

మన పిట్టని నేనే ఎగరేశాను. కాలికి నేను కట్టిన ముడి విప్పబోతే బిగుసుకుపోయి ఊడలేదు. పంటితో కొరికి తెంపాల్సి వచ్చింది. అంతసేపూ నా గుప్పిట్లో దాని గుండె కొట్టుకుంటూ ఉంది. కడుపు నిండి ఉన్నా కొట్టుకుంటూనే ఉంది భాయిటీ. వదలగానే అరటిపండు వైపు, నా వైపు, మగ్గం వైపు, దేనివైపూ చూడకుండా పోయింది.

ఆకలి సంగతి అయింది. ఇక దారం సంగతి చూడాలి.

నీ
బైదేవ్